పేరు చూడాలా, గది చూడాలా? - శిశువిద్యా సిద్ధాంతాల తులనాత్మక పరిశీలన

విద్య మానవునికి మూడవ నేత్రమని పెద్దలు చెబుతారు. ఆ నేత్రం ఏ వయస్సులో, ఎవరి చేతుల మీదుగా, ఏ భాషలో తెరుచుకోవాలన్న ప్రశ్న మాత్రం మన ఇళ్లలో అంతగా వినబడదు. కళాశాలలో ఏ గ్రూపు తీసుకోవాలో నెలల తరబడి చర్చించే కుటుంబాలు, మూడేళ్ల పసిబిడ్డను ఏ బడిలో వేయాలో ఒక్క సాయంత్రంలో తేల్చివేస్తాయి. బస్సు ఇంటి ముందుకు వస్తుందా, మెడకు టై కట్టిస్తారా అన్నవే అక్కడ గీటురాళ్లు. మా ఇంట్లోనూ అలాగే జరిగింది.

మా ఆపా కూతురికి అప్పుడు మూడున్నరేళ్లు. ఇంట్లో ఉర్దూ, గుమ్మం దాటితే తెలుగు. నానీ దగ్గర ఉర్దూలో విన్న కథను వీధి అరుగు మీద పక్కింటి పిల్లలకు తెలుగులో చెప్పేది. నిరుడు జూన్‌లో ఆ పిల్లను బోర్డు మీద 'మాంటిస్సోరి' అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న ఒక బడిలో వేశాము. లోపల బెంచీలు వరుసగా ఉన్నాయి. సుమారు నలభై మంది పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. దసరా సెలవుల నాటికి ఆ పిల్ల ఇరవయ్యారు ఇంగ్లీషు అక్షరాలు రాయడం నేర్చుకున్నది. కథలు చెప్పడం మానివేసింది. ఎందుకమ్మా అని నానీ అడిగితే, మాట్లాడితే మిస్ కోప్పడుతుందని చెవిలో చెప్పింది.

ఆపా నన్నడిగింది: "ఇంట్లో చదువుకున్నవాడివి నువ్వే. మరి దీన్ని ఎక్కడ వేయాలో నువ్వే చెప్పు." నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ సిగ్గుతో గ్రంథాలయంలో కూర్చుని చదివినదాని ఫలితమే ఈ వ్యాసం. మనలో చాలామంది రేపు ఉపాధ్యాయులు, ఎల్లుండి తల్లిదండ్రులు కాబోయేవారే కనుక ఈ విషయం విద్యార్థి మిత్రులకు ఉపకరిస్తుందని నమ్ముతున్నాను.

రెండు వేడుకలు

పాశ్చాత్య సిద్ధాంతాలలోకి వెళ్లకముందు మన ఇళ్లలోని రెండు ఆచారాలను తలచుకోవాలి. ముస్లిం కుటుంబాలలో పిల్లకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండినప్పుడు 'బిస్మిల్లా' వేడుక చేయడం సంప్రదాయం. పెద్దలు పలికిస్తుంటే పిల్ల తిరిగి పలుకుతుంది. హిందూ కుటుంబాలలో అక్షరాభ్యాసం చేస్తారు. పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని మొదటి అక్షరాలు దిద్దిస్తారు. బాసర క్షేత్రానికి అందుకోసమే వెళ్లేవారు ఎందరో ఉన్నారు.

ఈ రెండు వేడుకలలోనూ గమనించదగిన విషయం ఒకటున్నది. పిల్ల పెద్దల ఒడిలోనో, పక్కనో ఉంటుంది, మిఠాయి పంచుతారు, ఎవరూ పరీక్ష పెట్టరు. చదువు మొదటి రోజు భయంతో కాక ఆప్యాయతతో మొదలు కావాలని మన పూర్వులకు తెలుసు. ఇప్పుడు పరిశీలించబోయే విద్యావేత్తలు ఆ మొదటి రోజును ప్రతిరోజుగా మార్చడానికి ప్రయత్నించినవారే.

ఫ్రోబెల్: పిల్లల తోట

జర్మనీకి చెందిన ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ (1782-1852) 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అనే ఊరిలో పసిపిల్లలకోసం ఒక సంస్థను స్థాపించారు. 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అని నామకరణం చేశారు. ఆ మాటకు పిల్లల తోట అని అర్థం. మొక్క తనంతట తాను పెరుగుతుంది, తోటమాలి నీరు, వెలుతురు అందేలా మాత్రమే చూస్తాడు. ఉపాధ్యాయుని పని కూడా అంతేనని ఆయన భావం. ఆట పిల్లల కాలక్షేపం కాదని, అదే వారి విద్య అని ఆయన గట్టిగా చెప్పారు. ఉన్ని బంతులు, కొయ్యతో చేసిన గోళం, ఘనం, స్తూపం మొదలైన వస్తువులను ఒక క్రమంలో రూపొందించి వాటికి 'కానుకలు' అని పేరు పెట్టారు.

ఈ స్వేచ్ఛ పాలకులకు రుచించలేదు. 1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. ఆ మరుసటి ఏడాదే ఫ్రోబెల్ మరణించారు. 1860లో నిషేధాన్ని ఎత్తివేశారు. నేడు మన వీధులలో ఎల్.కె.జి., యు.కె.జి. అని రోజూ వినే మాటలలోని ఆ రెండక్షరాలు ఈ తోటవే. పేరు మిగిలింది, తోట ఎన్ని బడులలో మిగిలిందో మనమే చూసి చెప్పాలి.

మాంటిస్సోరి: తానే చేసుకునే పని

మరియా మాంటిస్సోరి (1870-1952) వృత్తిరీత్యా వైద్యురాలు. 1907 జనవరి 6న రోము నగరంలో శాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆమె 'పిల్లల ఇల్లు' ప్రారంభమైంది. పగలంతా పనికి వెళ్లే కార్మికుల బిడ్డలే అక్కడి విద్యార్థులు. నేడు మన దేశంలో ధనికుల బడిగా పేరుపడిన పద్ధతి పేదవాడలో పుట్టిందన్న సంగతి మరువరాదు.

ఆమె పద్ధతిలో గది పిల్లల ఎత్తుకు తగినట్లు ఉంటుంది. అలమరలు అందుబాటులో ఉంటాయి. మూడేళ్లనుండి ఆరేళ్లవరకు పిల్లలు కలిసి ఉంటారు. చిన్నవారు పెద్దవారిని చూసి నేర్చుకుంటారు. పిల్ల తనకు నచ్చిన పనిని ఎంచుకుని ఎంతసేపైనా చేసుకోవచ్చు. పొరపాటు జరిగితే వస్తువే ఆ సంగతి తెలియజేస్తుంది. స్తూపం తప్పు గుంటలో పెడితే చివరకు ఒకటి మిగిలిపోతుంది, టీచరు మందలించనక్కరలేదు. అక్షరాలను గరుకు కాగితంతో కత్తిరించి పలకకు అంటిస్తారు. కన్ను చూస్తుంది, వేలు తడుముతుంది, నోరు ఆ ధ్వనిని పలుకుతుంది.

ఆమెకు మన దక్షిణదేశంతో గాఢమైన సంబంధం ఉన్నది. 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చారు. యుద్ధకాలంలో ఇటలీ దేశస్థురాలిగా ఆంక్షలకు లోనై కొంతకాలం కొడైకెనాల్‌లో నివసించారు. 1946లో ఐరోపాకు వెళ్లి, 1947లో తిరిగివచ్చి, 1949 వరకు ఇక్కడ పనిచేశారు. ఆ కాలంలో ఈ దేశంలో వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. పరికరాలు ఖరీదైనవి. ఊహాక్రీడకు చోటు తక్కువన్న విమర్శ మొదటినుండి ఉన్నది. అన్నిటికంటె ముఖ్యంగా, 'మాంటిస్సోరి' అనే మాటను శిక్షణ లేనివారు సైతం తమ బోర్డుమీద రాసుకుంటున్నారు. మేము మోసపోయింది ఇక్కడే.

స్టైనర్: తొందరపడని బాల్యం

ఆస్ట్రియాకు చెందిన రుడాల్ఫ్ స్టైనర్ (1861-1925) 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో వాల్డార్ఫ్-ఆస్టోరియా సిగరెట్ల కర్మాగారం కార్మికుల పిల్లలకోసం ఒక పాఠశాలను ప్రారంభించారు. 'వాల్డార్ఫ్ విద్య' అన్న పేరు అలా వచ్చింది. హైదరాబాదులోనూ ఈ పద్ధతిని అనుసరించే పాఠశాల ఉన్నది.

సుమారు ఏడేళ్లు వచ్చేవరకు పిల్లకు చదవడం, రాయడం నేర్పనక్కరలేదని ఈ సిద్ధాంతం చెబుతుంది. ఆ వయస్సులో పిల్ల అనుకరణవల్ల నేర్చుకుంటుంది. కనుక టీచరు రొట్టె చేస్తుంది, కుట్టుపని చేస్తుంది, కథ చెబుతుంది. పిల్లలు చూసి చేస్తారు. కొయ్య, ఉన్ని, గవ్వ వంటి ప్రకృతి వస్తువులే ఆటబొమ్మలు. ప్రతిదినం, ప్రతివారం, ప్రతి ఋతువు ఒక లయలో సాగుతాయి. మాంటిస్సోరి నిజమైన పనికి పెద్దపీట వేస్తే, స్టైనర్ ఊహకు వేశారు.

ఈ విద్య వెనుక స్టైనర్ ప్రతిపాదించిన ఒక ఆధ్యాత్మిక తత్త్వం ఉన్నది. తమ విశ్వాసాలకు అది ఎంతవరకు సరిపడుతుందో ప్రతి తల్లీ తండ్రీ ముందుగా తెలుసుకోవడం మంచిది. ఐదేళ్లకే చదవాలని ఆత్రపడే పిల్లకు ఈ నిరీక్షణ విసుగు కలిగించవచ్చునన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

రెజ్జో ఎమీలియా: ఊరు కట్టుకున్న బడి

ఇటలీలో రెజ్జో ఎమీలియా అనే పట్టణం ఉన్నది. 1945లో యుద్ధం ముగిసిన వెంటనే ఆ పట్టణ సమీపంలోని విల్లా చెల్లా గ్రామస్థులు, జర్మను సైన్యం వదలిపోయిన ఒక ట్యాంకును, లారీలను, గుర్రాలను అమ్మి, ఆ డబ్బుతో తమ పిల్లలకు బడి కట్టుకోసాగారు. ఆ వార్త విని సైకిలు మీద చూడవచ్చిన యువ ఉపాధ్యాయుడు లోరిస్ మాలగుజ్జీ (1920-1994) తన జీవితాన్ని ఆ పనికే అంకితం చేశారు. 1963లో పురపాలక సంఘం తన మొదటి శిశుపాఠశాలను తెరిచింది.

ఇక్కడ ముందుగా నిర్ణయించిన పాఠాలు లేవు. పిల్లల ప్రశ్ననుండి పని పుడుతుంది. అది వారాలు, నెలలు సాగవచ్చు. బొమ్మ, మట్టి, నీడ, పాట, మాట ఇవన్నీ పిల్ల భావాన్ని తెలిపే భాషలేనని మాలగుజ్జీ నమ్మారు. టీచరు పిల్లల మాటలను రాసిపెట్టి, పనులను గోడమీద ప్రదర్శించి, తల్లిదండ్రులతో చర్చిస్తుంది. ఇది తరగతిలో పిల్లలు తక్కువగా, టీచర్లు ఎక్కువగా ఉంటేనే సాధ్యపడుతుంది.

మన నేల మీద

ఈ సిద్ధాంతాలను మనవారు కేవలం అరువు తెచ్చుకోలేదు. మన మట్టికి తగినట్లు మలచుకున్నారు. గుజరాతుకు చెందిన గిజుభాయి బధేకా (1885-1939) న్యాయవాది. సొంత కుమారుని చదువు గురించి ఆలోచిస్తూ మాంటిస్సోరి రచనలు చదివి, న్యాయవాద వృత్తిని వదలివేశారు. 1920లో భావనగర్‌లో బాలమందిరాన్ని నెలకొల్పారు. కథ, పాట, నాటకం ఆయన పాఠాలు. పిల్లలపట్ల ఆయన ప్రేమను చూసి జనం ఆయనను 'మీసాల తల్లి' అని పిలుచుకున్నారు.

ఆయన సహచరి తారాబాయి మోడక్ (1892-1973) 1945లో మహారాష్ట్రలోని బోర్డీలో, తరువాత కోస్బాడ్‌లో గిరిజన బాలల మధ్య పనిచేశారు. బడికి రాలేని పిల్లల వద్దకు బడినే తీసుకువెళ్లారు. వారి ఇళ్ల ముంగిలిలోనే, ఆకులు, గింజలు, గులకరాళ్లే పరికరాలుగా చదువు చెప్పారు. ముంగిలిలో బడి గనుక 'అంగన్‌వాడీ' అన్నారు. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని ప్రారంభించినప్పుడు అదే పేరు దేశమంతటా పాకింది.

మన హైదరాబాదులో 1897లో జన్మించిన డాక్టర్ జాకిర్ హుసేన్‌గారి పేరు ఇక్కడ స్మరణీయం. 1937లో గాంధీజీ వార్ధా సమావేశం నియమించిన బునియాదీ విద్యా సంఘానికి ఆయనే అధ్యక్షులు. చేతిపని, మాతృభాష ఈ రెండూ విద్యకు పునాదులని ఆ సంఘం నివేదించింది. అది ఏడేళ్లు దాటిన పిల్లలకు ఉద్దేశించినదైనా, అందులోని సత్యం మూడేళ్ల పిల్లకు ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన ఆ మహనీయుడు పిల్లలకోసం ఉర్దూలో కథలు రాశారన్నది మనం గర్వించదగిన విషయం.

గిన్నెడు చింతగింజలు

ఈ సిద్ధాంతాల మధ్య భేదం సులభంగా బోధపడటానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక పిల్ల ముందు గిన్నెడు చింతగింజలు పెట్టామనుకుందాం. నోట్లోనూ ముక్కులోనూ పెట్టుకోకుండా పెద్దలు కనిపెట్టి ఉండాలన్నది అన్ని పద్ధతులకూ సమానమే.

ఫ్రోబెల్ తోటలో ఆ గింజలతో పువ్వు, నక్షత్రం పేరుస్తారు. పేరుస్తూ పాట పాడతారు. మాంటిస్సోరి గదిలో పిల్ల వాటిని ఒక గిన్నెలోనుండి మరొక గిన్నెలోకి చెంచాతో ఒలకకుండా మారుస్తుంది, ఒకటినుండి పదివరకు లెక్కపెట్టి అరలలో వేస్తుంది, పని ముగించి గిన్నెను తీసిన చోటనే పెడుతుంది. స్టైనర్ బడిలో అవి కాసేపు దుకాణంలో సరుకు, కాసేపు పెళ్లి విందులో వంటకం. వాటిని లెక్కపెట్టమని ఎవరూ అడగరు. రెజ్జో ఎమీలియాలో ఒక పిల్ల "ఇది పాతితే చెట్టవుతుందా?" అని అడుగుతుంది, ఆ ప్రశ్నతో నెల రోజులు గడుస్తాయి, గింజను పాతుతారు, గీస్తారు, వాదించుకుంటారు. తారాబాయి ముంగిలిలో ఆ గింజలను ఎవరూ కొనరు. పిల్లలే చెట్టు కింద ఏరుకువస్తారు, అరగదీసి అష్టాచెమ్మా ఆడతారు.

మా పిల్లను వేసిన బడిలోనో? అక్కడ చింతగింజలు లేవు. పుస్తకంలో చింతకాయ బొమ్మ, దాని కింద ఇంగ్లీషు పేరు ఉన్నాయి. ఆ పేరును పిల్లలు పదిసార్లు వల్లించారు.

పై ఐదు పద్ధతులు ఒకదానితో మరొకటి ఎంత విభేదించినా, ఒక విషయంలో ఏకమవుతాయి. పిల్ల తన చేతులతో, తనకు తెలిసిన మాటలతో, తాను నమ్మిన పెద్దల సమక్షంలో నేర్చుకుంటుందన్నదే ఆ విషయం. ఆరవ గదిలో లోపించినది ఆ మూడే.

పేరుకంటె ఆచరణ ముఖ్యమన్నది పరిశోధనలోనూ కనబడుతుంది. అమెరికాలోని మిల్వాకీ నగరంలో చీటీలు తీసి మాంటిస్సోరి బడిలో చేర్చుకున్న పిల్లలను, చీటీ రాక ఇతర బడులలో చేరినవారితో పోల్చి 2006లో ఒక అధ్యయనం వెలువడింది. ఐదేళ్ల వయస్సులో మాంటిస్సోరి పిల్లలు చదవడంలో, లెక్కలలో, తోటివారితో మెలగడంలో ముందంజలో ఉన్నారు. అయితే 2012లో వచ్చిన మరొక అధ్యయనంలో, పద్ధతిని యథాతథంగా పాటించిన గదులలోని పిల్లలకు కలిగినంత ప్రయోజనం, అదే పేరుతో ఇతర సామగ్రిని కలిపి నడిపిన గదులలోని పిల్లలకు కలగలేదు.

భాష మాట

మన వంటి కుటుంబాలకు ఇందులో ఒక అదనపు చిక్కు ఉన్నది. ఉర్దూ కుడినుండి ఎడమకు, తెలుగు ఎడమనుండి కుడికి రాస్తారు. ఈ రెంటి మధ్య పెరిగే పిల్లపై మూడేళ్లకే మూడవ భాషను, అది కూడా రాతతో సహా మోపుతున్నాము. రెండు భాషల ఇంట పుట్టడం లోపం కాదు, సంపద. తెలియని భాషలో మౌనంగా కూర్చోబెట్టడమే ఆ సంపదకు నష్టం.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించేందుకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్లనుండి ఎనిమిదేళ్లవరకు గల కాలాన్ని ఒకే పునాది దశగా గుర్తించి, వీలైనంతవరకు కనీసం ఐదవ తరగతిదాకా ఇంటిభాషలో బోధన ఉండాలన్నది. 2009 విద్యాహక్కు చట్టం మాత్రం ప్రధానంగా ఆరునుండి పధ్నాలుగేళ్లవారికి సంబంధించినది. మూడునుండి ఆరేళ్లవారికి ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చునని చెప్పి ఊరుకున్నది. అందుచేత ఆ మూడేళ్ల భారం తల్లిదండ్రుల వివేకం మీదనే ఎక్కువగా పడుతున్నది.

ఏమి చూడాలి?

ఏ బడినైనా ఎంచుకునే ముందు ఒక గంటసేపు తరగతి గదిలో కూర్చోవడానికి అనుమతి అడగాలి. ఆ గంటలో ఈ ఐదు విషయాలు గమనించాలి.

మొదటిది, ఎక్కువగా ఎవరి గొంతు వినబడుతున్నది, టీచరుదా, పిల్లలదా? రెండవది, పిల్లల చేతులు ఏమి చేస్తున్నాయి? మూడవది, పిల్ల ఏడిస్తే ఎవరు, ఏ భాషలో ఓదారుస్తున్నారు? నాలుగవది, తప్పు చేసిన పిల్లకు ఏమి జరుగుతున్నది? ఐదవది, వస్తువులు పిల్లలకు అందే ఎత్తులో ఉన్నాయా, లేక అద్దాల బీరువాలో చూడవచ్చినవారికోసం ఉన్నాయా? ఈ ఐదింటికీ తృప్తికరమైన సమాధానం దొరికితే, బోర్డు మీద ఏ పేరు ఉన్నా, అసలు పేరే లేకపోయినా ఫరవాలేదు. అనుమతి నిరాకరిస్తే అదికూడా ఒక సమాధానమే.

నేనూ ఆపా అలాగే మూడు చోట్ల కూర్చున్నాము. చివరకు మా పేటలోనే రెండు గదుల చిన్న బడిని ఎంచుకున్నాము. దానికి ఏ విదేశీ పేరూ లేదు. టీచరుగారు తెలుగు మాట్లాడతారు. ఆయా ఉర్దూ మాట్లాడుతుంది. మొదటి మూడు వారాలు పిల్ల గుమ్మం పక్కనే కూర్చున్నది. టీచరుగారు బలవంతపెట్టలేదు. నాలుగవ వారంలో ఒక సాయంత్రం ఫ్రాకు జేబులోనుండి ఐదు చింతగింజలు తీసి, నానీ ముందు పరచి, వాటి గురించి ఒక కథ మొదలుపెట్టింది. ఆ కథ సగం ఉర్దూ, సగం తెలుగు.

ఆపాకు ఇంకా బెంగ తీరలేదు. పక్కింటి పిల్ల ఇంగ్లీషు పద్యాలు అప్పజెబుతున్నప్పుడల్లా "మనం పొరపాటు చేశామా?" అని అడుగుతుంది. ఆ బెంగను నేను తేలికగా తీసుకోను. ఇంగ్లీషు రానందువల్ల ఉద్యోగం పోగొట్టుకున్నవారు మా ఇంట్లోనే ఉన్నారు. ఇంగ్లీషు తప్పక నేర్పుదామని, మాట్లాడటమే మానివేసిన పిల్లకు ఏ భాషనూ నేర్పలేమని మాత్రం చెబుతున్నాను.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక సవినయ విన్నపం. ఉర్దూ, తెలుగు రెండూ వర్ధిల్లే ప్రాంగణం మనది. ఇక్కడ ఒక గది, ఒక చాప, పిల్లలకు అందే రెండు అలమరలు, రెండు భాషలు తెలిసిన ఇద్దరు ఉపాధ్యాయినులు ఉంటే, చుట్టుపక్కల పేటలలోని పసిపిల్లలకు ఒక ముంగిలి బడి ఏర్పడుతుంది; మనవంటి విద్యార్థులకు పిల్లలను గమనించే ప్రయోగశాల అవుతుంది. అందుకు కావలసిన పరికరాలలో కొన్నిటిని ఇప్పుడే సమకూర్చగలను. మా ఇంటి వెనుక చింతచెట్టు ఉన్నది.